నది దాకా దిగని దారి

మన కొండలన్నీ ఎక్కేవే. ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కోటప్పకొండ, ఏదైనా సరే, దేవుడు పైనుంటాడు. ఆయాసపడుతూ మెట్లెక్కాలి. దర్శనం అయ్యాక ప్రసాదం పొట్లం చేత పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ దిగాలి. కష్టం ముందు, సుఖం తర్వాత. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చిన్నప్పుడే కాళ్ళకి అలవాటైపోయే లెక్క ఇది. ఆ లెక్క పూర్తిగా తిరగబడే చోటు ఒకటుందని నాకు యాభై దాటాక తెలిసింది. అదీ అమెరికాలో, అరిజోనాలోని గ్రాండ్ కేన్యన్ లోయలోకి మా అల్లుడి వెనకాల నడుస్తూ.

దాని గురించి రాయమని మా అమ్మాయి ఎన్నాళ్ళుగానో పోరుతోంది. నాకు రాయడం కన్నా గీయడం తేలిక. గీసినవి చాలానే ఉన్నాయి. ఉండేవి అనాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

బొమ్మల కథ మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి. ఆవిడ జన్మలో కుంచె పట్టుకోలేదు. కానీ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పెళ్ళి కుదిరినా దుర్గమ్మకి మెట్లపూజ మొక్కేది. తెల్లవారుజామున కృష్ణలో మునిగి, తడిచీరతోనే కొండ కింద మొదటి మెట్టు దగ్గర వంగేది. పసుపు గిన్నె ఆవిడ చేతిలో, కుంకుమ భరిణె నా చేతిలో. ఆవిడ మెట్టు అంచున పసుపు రాస్తే, దాని మీద మూడు బొట్లు పెట్టడం నా పని. కొంచెం ఆగి పెడితే బొట్టు గుండ్రంగా, శుభ్రంగా నిలిచేది. పసుపు తడిగా ఉండగానే పెట్టేస్తే అంచులు పాకి, ఎరుపు కాస్తా నారింజలోకి జారేది. నాకు ఆ పాకడమే ఇష్టం. అందుకని తొందరపడి పెట్టేసేదాన్ని. "అమ్మవారికి నీ తొందర తెలుస్తుందే" అనేది నాయనమ్మ, వెనక్కి తిరక్కుండానే. నీటిరంగుల్లో తడి మీద తడి వేయడమనే పనిని పెద్దయ్యాక ఎంతోమంది ఎన్నో పేర్లతో చెప్పారు. నాకది ఆ మెట్ల మీదే వచ్చేసింది.

తర్వాత సత్యనారాయణపురం బళ్ళో డ్రాయింగు మాస్టారు. పొట్టి చేతుల చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. ఆడపిల్లలకి రంగులెందుకని ఇళ్ళల్లో అనుకునే రోజులు. ఆయన మాత్రం బడి అయిపోయాక ఓ గంట కూర్చోబెట్టి నేర్పేవారు. రంగుల పెట్టె తెరవగానే తెల్లరంగు ట్యూబు తీసి తన జేబులో వేసుకునేవారు. "తెలుపు నీ డబ్బాలో లేదమ్మాయ్, కాగితంలో ఉంది. దాన్ని పాడుచెయ్యకుండా చూడు, చాలు." మేఘం కావాలంటే మేఘం ఉన్నచోట రంగు వెయ్యకూడదు. నీటి మీద మెరుపు కావాలంటే అక్కడ చెయ్యి ఆపుకోవాలి. వెయ్యడం ఎవరికైనా వస్తుంది, ఆపుకోవడం రావడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మాస్టారు అప్పటికి లేరు.

2012లో అమ్మాయి పురిటికని చాండ్లర్ వెళ్ళాం. ఫీనిక్స్ పక్కనే ఉండే ఊరు. అక్కడ తెలుగువాళ్ళకేం కొదవలేదు, కరివేపాకు చెట్టుతో సహా అన్నీ ఉన్నాయి. బెజవాడ ఎండలో పెరిగినదాన్ని, అక్కడి ఎండకి భయపడలేదు కానీ, చెమట పట్టకుండానే ఒంట్లో నీరు లాగేసే ఆ పొడి వేడి వేరే రకం. మనవరాలు నిద్రపోయిన వేళల్లో వెనక వరండాలో కూర్చుని నాగజెముడు చెట్లూ, దూరపు గుట్టలూ వేసేదాన్ని.

మా అల్లుడిది రేపల్లె వైపు. మితభాషి. మా ఇళ్ళల్లో అత్తా అల్లుళ్ళ మధ్య మర్యాదలు ఎక్కువ, మాటలు తక్కువ. ఆయన గదిలోకి వస్తే నేను లేచి వంటింట్లోకి వెళ్ళడం, నేను వంటింట్లో ఉంటే ఆయన మంచినీళ్ళు కూడా అడక్కపోవడం. అలాంటి మనిషి ఒకరోజు నా వెనకాల నిలబడి బొమ్మకేసి చూసి, "అత్తయ్యగారూ, మీరు గ్రాండ్ కేన్యన్ చూడాలండి" అన్నాడు. చూడటమంటే అంచున నిలబడి ఫోటో దిగడం కాదట, కొంచెమైనా లోపలికి దిగాలట. మా అమ్మాయి నావంక, నేను మావారి వంక చూశాం. ఆయన పేపరు దించకుండానే "వెళ్ళిరా" అన్నారు.

అక్టోబరు వచ్చాక బయల్దేరాం. ఇక్కడ దసరా రోజులు. కొండ మీద అమ్మవారికి రోజుకో అలంకారం, మా వీధిలో మైకులు. అక్కడ ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక దారి పొడవునా పైన్ చెట్లు, చలి. లోయ వస్తున్నట్టు ఏ ఆనవాలూ లేదు. చెట్ల మధ్య నడుస్తూ నడుస్తూ ఉంటే ఒకచోట నేల అయిపోయింది.

ఉన్నమాట చెప్పాలంటే, మొదటి చూపులో నాకేమీ అనిపించలేదు. పొడవు 446 కిలోమీటర్లు, కొన్నిచోట్ల వెడల్పు 29 కిలోమీటర్లు, లోతు మైలు పైచిలుకు అని అల్లుడు చెబుతున్నాడు. కన్ను అంత దూరాన్ని పట్టుకోలేక, దాన్నంతా సురభి నాటకాల వెనక వేలాడే తెరగా మార్చేసుకుంది. చుట్టూ జనం అబ్బా అబ్బా అంటున్నారు. నేను మనవరాలి టోపీ సర్దుతూ నిలబడ్డాను.

మావారికి మాత్రం అక్కడున్న పటం మీద పేర్లు చూసి హుషారొచ్చింది. విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్. లోయ మధ్యలో నిలబడ్డ శిఖరాలకి ఆ పేర్లు. "ఇక్కడా మనవాళ్ళేనా!" అన్నారు. 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తూ, ఆ శిఖరాలు తూర్పుదేశపు గుళ్ళ గోపురాల్ని తలపించాయని ఇలాంటి పేర్లు మొదలుపెట్టాడట. ఆయన చూపిన దారిలో తర్వాతివాళ్ళు బుద్ధుణ్ణీ, జొరాస్టర్‌నీ, రాముణ్ణీ, కృష్ణుణ్ణీ కూడా అక్కడికి చేర్చారు. అల్లుడు ఇంకో మాట చెప్పాడు. లోయ అట్టడుగున, నది ఒరుసుకుని పారే నల్లరాయి పేరు విష్ణు షిస్ట్. వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. మావారు వెంటనే చేతులు జోడించి, "అడుగున పడుకోవడం ఆయనకి అలవాటేగా" అన్నారు. శ్వేతవరాహకల్పే వైవస్వత మన్వంతరే అని రోజూ సంకల్పం చెప్పుకునే మనిషి, బ్రహ్మకి ఒక పగలంటే 432 కోట్ల ఏళ్ళని నోటికి వచ్చిన మనిషి. 170 కోట్లన్న అంకె ఆయన్ని ఏమాత్రం బెదిరించలేదు. అమ్మాయీ, మనవరాలూ, ఆయనా పైనే ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్నే నేనూ అల్లుడూ బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మొదట్లో నిలబడ్డాం. పంజాబీ డ్రెస్సు, దాని మీద అల్లుడి స్వెట్టరు, అమ్మాయి బూట్లు. మా పక్కింటివాళ్ళు చూస్తే ఏమనుకునేవారో.

ఆ దారి మొదట్లో అంచుకి అతుక్కుని ఒక పాత కట్టడం ఉంది. కోల్బ్ అన్నదమ్ముల ఫోటో స్టూడియో. ఆ రోజుల్లో కంచరగాడిదల మీద లోయలోకి దిగేవాళ్ళని ఈ అన్నదమ్ములు పైనుంచి ఫోటో తీసేవారు. ఫోటోలు కడగడానికి మాత్రం పైన మంచినీళ్ళు లేవు. ఎమెరీ కోల్బ్ ఫోటో ప్లేట్లు తీసుకుని నాలుగున్నర మైళ్ళు కింద ఉన్న ఊట దాకా పరుగెత్తి, అక్కడ కడిగి, మళ్ళీ పరుగున పైకొచ్చి, గాడిదలు తిరిగొచ్చే వేళకి ఫోటోలు అమ్మకానికి పెట్టేవాడట. నీటిరంగులు వేసేదాన్ని కాబట్టి నాకు ఆ మనిషి మీద ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు లేకపోతే మా ఇద్దరి పనీ లేదు. వెళ్ళేముందు సీసాలో నీళ్ళు ఇంకోసారి చూసుకున్నాను.

కొంచెం దిగగానే చిన్న సొరంగం. దాని దగ్గరే, తలెత్తితే కనపడే రాతి చూరు కింద ఎర్రటి బొమ్మలు. అక్కడి తెగలవాళ్ళు ఎప్పుడో వేసినవి. ఆ ఎరుపు చూడగానే గుర్తుపట్టాను. మా ఊళ్ళల్లో గోడల అడుగున పట్టీ వేసే జేగురు. ఎర్రమట్టిలోని ఇనుపతుప్పు. ఏ దేశంలోనైనా మనిషి మొదట చేతికందిన రంగు అదే కాబోలు. జనమంతా ముందుకి చూస్తూ నడిచిపోతున్నారు. నేను మెడ నొప్పి పుట్టేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత దారి మెలికలు తిరుగుతూ దిగడమే దిగడం. అక్కడ బోర్డులున్నాయి. దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదని వాటి సారాంశం. దిగిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పెట్టుకోవాలట. వినడానికి చిన్న విషయమే. నా కాళ్ళకి మాత్రం అదొక పెద్ద గందరగోళం. గుడిమెట్లెక్కేటప్పుడు ఒళ్ళే చెబుతుంది, చాలు, కాస్త కూర్చో అని. ఇక్కడ ఒళ్ళు ఏమీ చెప్పదు. చల్లగాలి, ఏటవాలు, నవ్వుతూ దూకుతున్న కుర్రాళ్ళు. సులువుగా జరిగిపోతున్నదంతా అప్పుగా రాసుకుంటున్నారెవరో. తీర్చే సమయానికి ఎండ నడినెత్తిన ఉంటుంది, లోయ ఇంకా వేడెక్కి ఉంటుంది.

ఒక మలుపులో కంచరగాడిదల వరస ఎదురొచ్చింది. వాటికి దారివ్వాలి, మనం గోడవైపు ఒదిగి కదలకుండా నిలబడాలి. కింద ఉన్న బసకి సామానూ, ఉత్తరాలూ ఇప్పటికీ అవే మోస్తాయట. దారంతా వాటి మూత్రం వాసన. గ్రాండ్ కేన్యన్ ఫోటోలు పంపుకునేవాళ్ళెవరూ ఈ సంగతి చెప్పరు!

దారిలో ఒక రేంజరమ్మాయి, అంటే పార్కు కాపలా చూసే పిల్ల, మమ్మల్ని ఆపి ఎంత దూరం వెళ్తున్నారు, తినడానికి ఏం తెచ్చుకున్నారు అని అడిగింది. నేను సంచి తెరిచి చూపించాను. జంతికలు, పులిహోర, చిన్న డబ్బాలో ఉప్పు మిరపకాయలు. అల్లుడు సిగ్గుతో అటు తిరిగాడు. ఆ పిల్ల మాత్రం మెచ్చుకుంది. ఉత్తి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడట. అందుకని ఉప్పుగా ఉండేవి తింటూ నీళ్ళు తాగమని అందరికీ చెబుతారట. అక్కడినుంచి అల్లుడు కూడా జంతికలు మొదలుపెట్టాడు, మాటలు కూడా మొదలుపెట్టాడు.

ఆయన దగ్గర చిన్న పుస్తకం ఉంది. పొర మారినప్పుడల్లా ఆగి చదివేవాడు. పై అంచున ఉన్న కైబాబ్ సున్నపురాయి 27 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగు. అందులో గవ్వల గుర్తులు ఉంటాయి, సముద్రమట్టానికి దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున. దాని కింద లేత గంధం రంగులో కొకొనీనో ఇసుకరాయి. అది ఒకప్పటి ఎడారి. గాలి పోగేసిన ఇసుకతిన్నెలు అలాగే రాయైపోయాయి, వాలు గీతలతో సహా. కొన్నిచోట్ల వాటి మీద నడిచిన జీవాల అడుగులు కూడా ఉన్నాయట. దాని కింద ఎర్రమట్టి పొరలు. సముద్రం మీద ఎడారి, ఎడారి మీద సముద్రం. దిగుతున్నకొద్దీ వెనకటి కాలంలోకి వెళ్తున్నాం. ఇంత కథకీ కారణమైన కొలరాడో నది మాత్రం ఎక్కడా కనపడదు. పైనుంచీ కనపడలేదు, దిగుతుంటేనూ కనపడలేదు. ఆ లోయని అది చెక్కడం మొదలై 50, 60 లక్షల ఏళ్ళయిందట. చెక్కిన చెయ్యి మాత్రం చాటునే ఉంది.

మూడు మైళ్ళ దగ్గర విశ్రాంతి గుడిసె ఒకటుంది. పైనుంచి 2,100 అడుగుల దిగువ. అక్కడినుంచి కింద ఆకుపచ్చగా చెట్ల గుంపు కనిపించింది. కోల్బ్ పరుగెత్తిన ఊట అదే. అప్పట్లో బోర్డుల మీద ఇండియన్ గార్డెన్ అని ఉండేది. అల్లుడు నవ్వుతూ "మనవాళ్ళ తోటేనండి" అన్నాడు. అది హవసుపాయ్ తెగవాళ్ళు సాగు చేసుకున్న చోటనీ, 1928లో వాళ్ళలో చివరివాణ్ణి కూడా అక్కడినుంచి వెళ్ళగొట్టారనీ ఆ రోజు మాకు తెలీదు. 2022లో పేరు మార్చి హవసుపాయ్ గార్డెన్స్ అని పెట్టారని అల్లుడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పేరైతే ఇచ్చారు.

గుడిసె దాటి, ఎర్రటి నిలువుగోడలోంచి తిరిగే మెలికల దారిలో కొంచెం దూరం దిగాం. రెడ్‌వాల్ అంటారు దాన్ని, సుమారు 500 అడుగుల గోడ. పైనుంచి చూసినప్పుడు లోయకంతటికీ నడికట్టు అదే. ఒకచోట దారి పక్కన రాయి పెచ్చు ఊడి ఉంది. లోపల ఎరుపు లేదు! బూడిద రంగు. నేను వేలితో రుద్ది చూశాను. అల్లుడు పుస్తకం తిరగేశాడు. ఆ గోడ అసలు రంగు బూడిదేనట. పైనున్న ఎర్రమట్టి పొరల్లోని ఇనుపతుప్పు వానలకి కారి కారి దానికి ఆ రంగు పట్టిందట. 34 కోట్ల ఏళ్ళనాటి రాయి, పేరులోనే ఎరుపు పెట్టుకున్న రాయి, ఆ ఎరుపు దానిది కాదు.

నాకు కాళ్ళు వణికాయి. ఎక్కడమింకా మొదలవలేదు, అలసట కాదది. అక్కడే రాతి మీద కూర్చున్నాను. నా కోపం మా నాన్నది. పట్టుదల నాయనమ్మది. బొమ్మ ముందు కూర్చున్నప్పుడు పెదవి కొరకడం మాస్టారిది. నాదని చెప్పుకునే భక్తి కూడా తెల్లవారుజామున తడిచీరతో వంగిన ఆ మనిషి నుంచి కారిందే. అవన్నీ కడిగేస్తే లోపల ఏ రంగు ఉంటుందో చూడాలనిపించింది. భయమూ వేసింది. అల్లుడు కంగారుపడి "అత్తయ్యగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు. "లేదు బాబూ, జంతిక ఒకటి ఇవ్వండి" అన్నాను. ఇంకేం చెప్పను?

అప్పుడే ఆయన మెల్లగా అన్నాడు, "ఇక్కడినుంచి తిరుగుదామండి."

"నది కనపడలేదుగా?"

"ఇక్కడికి కనపడదండి. ఆ చెట్లు దాటి, ఆ చదునంతా నడిచి అంచుదాకా పోతేగానీ కనపడదు. మనం వెళ్ళగలం. రాలేం."

ఇంతదూరం వచ్చి దర్శనం కాకుండానా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది. ఒక దసరాకి, మూలా నక్షత్రం రోజున, జనం విపరీతంగా ఉన్నారు. మెట్లదారి సగంలో నలిగిపోతున్నాం. నేను ఏడుపు మొదలుపెట్టాను. నాయనమ్మ ఒక పక్కకి జరిగి, అప్పుడున్న మెట్టుకి పసుపు రాసి, నాచేత బొట్లు పెట్టించి, అక్కడే కొబ్బరికాయ కొట్టి, పద పోదాం అంది. గుడి కనపడలేదు, గంట వినపడలేదు. ఇంటికొచ్చాక తాతయ్య దర్శనం బాగా అయిందా అని అడిగితే, "బ్రహ్మాండంగా అయింది" అని చెప్పింది. అబద్ధం చెప్పిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ ఎర్రగోడ దగ్గర లేచి నిలబడి, నది ఉందన్న వైపుకి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాను.

ఎక్కడం గురించి పెద్దగా చెప్పను. మోకాళ్ళున్న ప్రతివాళ్ళకీ తెలిసిందే. మధ్యలో నా సంచి అడక్కుండానే అల్లుడు భుజానికి తగిలించుకున్నాడు. ఆ మలుపుల్లో ఆయన చిన్నప్పుడే తల్లి పోయిన సంగతి, పెద్దమ్మ పెంచిన సంగతి చెప్పాడు. పెళ్ళై అన్నేళ్ళయినా మా అమ్మాయి కూడా అంత వివరంగా చెప్పలేదు నాకు. ఆయన ముందు, నేను వెనక, మొహాలు కనపడవు. కొన్ని మాటలు అలా నడుస్తున్నప్పుడే వస్తాయేమో.

బెజవాడ తిరిగొచ్చాక మొదట్లో అందరికీ నచ్చే బొమ్మలు వేశాను. అంచునుంచి చూసిన లోయ, సాయంత్రపు ఎండ, ఊదారంగు నీడలు. చుట్టాలు పట్టుకెళ్ళారు. అవి వేస్తున్నప్పుడే పాతవాళ్ళ బొమ్మలు వెతికి చూశాను. థామస్ మోరాన్ 1873లో పావెల్ అనే ఆయన సర్వే బృందంతో వెళ్ళి ఆ లోయని చూసి వేసిన పెద్ద తైలచిత్రాన్ని అమెరికా కాంగ్రెస్ పది వేల డాలర్లకి కొన్నది. గొప్ప చిత్రమే. కాకపోతే నాకందులో గాలివాన ఎక్కువనిపించింది, లోయ కన్నా చిత్రకారుడే ముందు వినపడతాడు. నాకు నచ్చింది గున్నార్ విడ్‌ఫోర్స్. స్వీడన్ నుంచి వచ్చి, నీటిరంగుల్లో ఆ రాళ్ళని ఓపిగ్గా, ఎండ ఎక్కడ పడితే అక్కడ కాగితాన్ని వదిలేస్తూ వేసినవాడు. 1934లో పోయాడు, ఆ లోయ అంచునే సమాధి. మాస్టారు చూసి ఉంటే తెల్లరంగు ట్యూబు ఆయనకి తిరిగి ఇచ్చేసేవారు.

సముద్రమట్టానికి కాస్తంత ఎత్తులో ఉండే డెల్టాలో కూర్చుని ఎక్కడెక్కడి లోయల్నో ఎందుకు వేస్తున్నావు, మన కాలవలు లేవా, కొబ్బరిచెట్లు లేవా అని అడిగినవాళ్ళున్నారు. దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో చిత్రకారుడు సంజీవదేవ్ గారు ఉండేవారు. వయసులో హిమాలయాల్లో తిరిగి, కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్‌ని కలిసి, తర్వాత సొంత ఊళ్ళో స్థిరపడి, పసుపు చేల మధ్య కూర్చుని కొండలూ మేఘాలూ వేశారు. నేనాయన్ని ఎప్పుడూ కలవలేదు. తెనాలి రైల్లో దుగ్గిరాల దాటినప్పుడల్లా కిటికీలోంచి అటు చూసేదాన్ని, అంతే. అడిగినవాళ్ళకి మాత్రం ఆయన పేరే జవాబుగా చెప్పేదాన్ని.

క్రమంగా అంచునుంచి చూసే బొమ్మలు తగ్గాయి. ఎర్రగోడ ఒక్కటే మిగిలింది. దాన్ని వేసే పద్ధతి దానంతటదే కుదిరింది. ముందు గోడంతా బూడిద రంగు, పూర్తిగా ఆరేదాకా ఆగడం. తర్వాత గోడ పైఅంచున మాత్రమే నీళ్ళు ఎక్కువ కలిపిన ఇండియన్ రెడ్ ఒక గీతగా పెట్టి, అట్టని నిలువుగా ఎత్తి పట్టుకోవడం. ఎరుపు తనదారిన తాను దిగుతుంది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ చీలుతుందో నా చేతిలో లేదు. కుంచె కింద పెట్టి, చూస్తూ కూర్చోవాలి. జపం చేస్తే కుదరని నిశ్చింత నాకు ఆ కాసేపట్లో కుదిరేది. కింద, నది ఉండాల్సిన చోట కాగితం తెల్లగా ఉంచేదాన్ని. చూడనిది ఎలా వేస్తాను? అల్లుడి పుస్తకంలో ఒక మాట ఉంది. అడుగున కొన్నిచోట్ల విష్ణు షిస్ట్ మీద నేరుగా 50 కోట్ల ఏళ్ళనాటి ఇసుకరాయి కూర్చుని ఉంటుంది. మధ్యలో 120 కోట్ల ఏళ్ళ రాయి లేదు, కొట్టుకుపోయింది. ఆ లేని దానికి కూడా శాస్త్రవేత్తలు పేరు పెట్టి లెక్కలో ఉంచుకున్నారు. నా తెల్లచీలిక కూడా అలా లెక్కలోనిదే.

ఒక ఏడాది అల్లుడు స్నేహితులతో కలిసి నది దాకా దిగి, అక్కడినుంచి ఫోటో పంపాడు. నేను ఊహించుకున్న ఎర్రటి బురదనీరు కాదు. పచ్చగా, తేటగా ఉంది. 1963లో ఎగువన గ్లెన్ కేన్యన్ డ్యామ్ తలుపులు మూసినప్పటినుంచీ ఒండ్రు అక్కడే ఆగిపోతోందట. శ్రీశైలం, సాగర్ కట్టాక మన కృష్ణ సంగతీ అంతేగా. వెయ్యకపోవడమే మంచిదైందనుకున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడలో మా సింగ్ నగర్‌లోకి వచ్చింది. అదే సమయంలో కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. దుర్గమ్మ ముక్కుపుడకని కృష్ణమ్మ తాకుతుందని బ్రహ్మంగారు చెప్పిన మాట మళ్ళీ అందరి నోటా వినిపించింది. మేము పైవాటా వాళ్ళింట్లో తలదాచుకున్నాం. డ్రోన్లు డాబా మీద అన్నం పొట్లాలు దించి పోయాయి. నీళ్ళు తీసి కిందికి దిగేసరికి ఇల్లంతా బురద. ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగాయి. కాలనీలో ప్రతి గోడ మీదా ఒకే ఎత్తున ఒకటే గోధుమరంగు గీత. అడుగు అరలో పెట్టిన బొమ్మలన్నీ ముద్దయిపోయాయి. విడదీయబోతే చేతికి గుజ్జే వచ్చింది. మావారు ఏమీ అనకుండా వాటిని బక్కెట్లో వేసుకుని బయటికి తీసుకెళ్ళారు.

పై అరలో రెగ్జిను సంచిలో నిలబెట్టిన బొమ్మ ఒకటి మిగిలింది. ఎర్రగోడే. దాని అడుగుభాగం మాత్రం నానింది. పై అంచులన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేను తెల్లగా వదిలిన చోట బురదనీరు ఎగబాకి, ఆరి, గోధుమరంగులో ఒక నది పారింది. నేనే వేసి ఉంటే అంత బాగా కుదిరేది కాదు, ఆ అంచుల సన్నదనం మనిషి చేతికి రాదు. గవర్నర్‌పేటలో ఫ్రేము కట్టే అబ్బాయి చూసి "మరక తీసేద్దామా అమ్మగారూ, మందుంది" అన్నాడు. వద్దంటే వద్దని, అద్దం బిగించేదాకా అక్కడే నిలబడ్డాను.

అది ఇప్పుడు చాండ్లర్‌లో వాళ్ళ హాల్లో ఉంది. కిందటి నెల అల్లుడు ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచాడట. ఎవరో దొరగారు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, గోడలు సరే, కొలరాడో ఇంత మట్టిరంగులో ఎప్పుడు చూశారు మీ అత్తగారు, అని అడిగాడట. "అది కొలరాడో కాదండీ, బుడమేరు" అన్నాడట మా అల్లుడు. ఆ దొరగారు కాసేపు ఆలోచించి, అది యూటాలో ఏ వైపు ఉందని అడిగాడట.